చుంగ్‌కాయ్ సమాధుల తోట: చిట్టాకెక్కిన చావులు, ఎక్కని చావులు

థాయ్‌లాండ్ పడమటి వైపున కాంచనబురి అనే పట్నం ఉంది. అక్కడ రెండు నదులు కలుస్తాయి. కలిసేచోటు దాటి క్వే నోయి నది ఒడ్డునే కొంచెం దూరం వెళ్తే చుంగ్‌కాయ్ అనే చిన్న ఊరు వస్తుంది. ఊరి పక్కన, నదిని ఆనుకుని, ఒక సమాధుల తోట. పచ్చగడ్డిలో వరసలు వరసలుగా పొట్టి దిమ్మెలు, ఒక్కోదాని మీద ఒక కంచు పలక. పలక మీద సైనికుడి నంబరు, హోదా, పేరు, రెజిమెంట్, చనిపోయిన తేదీ, వయసు ఉంటాయి. చాలావాటి మీద అడుగున ఇంటివాళ్లు రాయించిన ఒక మాట కూడా ఉంటుంది. వయసులు చదువుతూ నడిస్తే గుండె బరువెక్కుతుంది. ఇరవై రెండు, ఇరవై నాలుగు, ఇరవై ఏడు.

ఇక్కడ బ్రిటన్, కామన్‌వెల్త్ దేశాల సైనికుల సమాధులు 1,426 ఉన్నాయి. డచ్చివాళ్లవి 313. వీళ్లలో ఎక్కువమంది బుల్లెట్ తగిలి పోయినవాళ్లు కారు. కలరా, మలేరియా, రక్త విరేచనాలు, బెరిబెరి, కుళ్లిన కాలి పుండ్లు, ఆకలి వీళ్లను చంపాయి. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యానికి బందీలుగా చిక్కి, సయాం (థాయ్‌లాండ్ పాత పేరు) నుంచి బర్మాకు రైలు పట్టాలు వేస్తూ పోయారు.

ఈ తోట గురించి తెలుగువాళ్లకు చెప్పుకోవాల్సిన సంగతి ఒకటి ఉంది. అదే రైలు దారి మీద మనవాళ్లు కూడా పోయారు. వాళ్లకు ఇలాంటి తోట లేదు. ఎందుకు లేదన్నది అర్థం కావాలంటే ముందు ఈ సైనికులకు ఎలా వచ్చిందో చూడాలి. సమాధి దానంతట అది ఏర్పడదు. దాని వెనక ఒక చిట్టా ఉంటుంది, ఆ చిట్టా రాసిన మనిషి ఉంటాడు, దాన్ని నమ్మి ఖర్చు పెట్టే సంస్థ ఉంటుంది.

1942లో బర్మాను పట్టుకున్న జపాన్ సైన్యానికి అక్కడికి తిండి, మందుగుండు చేర్చడం పెద్ద సమస్య అయింది. సింగపూర్ నుంచి రంగూన్‌కు సముద్రం మీద వెళ్లే ఓడలకు శత్రు జలాంతర్గాముల భయం ఉంది. అందుకే కొండలు, అడవి కోసుకుంటూ సయాం నుంచి బర్మాకు రైలు దారి వెయ్యాలని నిర్ణయించారు. పొడవు దాదాపు 415 కిలోమీటర్లు. పద్నాలుగు నెలల్లో అయిపోవాలన్నారు. రెండు కొసల నుంచీ పని మొదలుపెట్టారు. 1943 అక్టోబర్‌లో పట్టాలు కలిశాయి. ఆ ఏడాది ఫిబ్రవరి తర్వాత పని వేగం విపరీతంగా పెంచారు. సరిగ్గా అప్పుడే వానాకాలం వచ్చింది, వానలతోపాటు మే, జూన్ నెలల్లో కలరా వచ్చింది.

ఈ పనికి అరవై వేలకు పైగా యుద్ధ ఖైదీలను తెచ్చారు. వాళ్లలో దాదాపు 13 వేలమంది చనిపోయారు. అంటే ఐదుగురిలో ఒకరు.

చుంగ్‌కాయ్ ఆ దారి మీద ఒక పెద్ద క్యాంపు. పై క్యాంపుల్లో జబ్బుపడి, ఇక పనికి రారు అనుకున్నవాళ్లను పడవల్లో, లారీల్లో కిందికి ఇక్కడికి పంపేవాళ్లు. ఖైదీలే వెదురుతో ఆస్పత్రి కట్టుకున్నారు, చర్చి కూడా కట్టుకున్నారు. జాకబ్ మార్కోవిట్జ్ అనే కెనడా సర్జన్ ఇక్కడే, సరైన పనిముట్లు లేకుండా, కుళ్లిన కాళ్లు తీసేసి ఎందరినో బతికించాడు. రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు లేకపోతే, తీసిన రక్తాన్ని చిలికి, గడ్డ తీసేసి ఎక్కించేవాళ్లు. జాక్ చాకర్ అనే ఖైదీ ఆ పుండ్లను, ఆ మనుషులను రహస్యంగా బొమ్మలు గీసి దాచాడు. కాంచనబురిలో బూన్‌పాంగ్ అనే థాయ్ వ్యాపారి క్యాంటీన్ సరుకు అమ్మే వంకతో లోపలికి మందులు, డబ్బు చేరవేశాడు. పట్టుబడితే ప్రాణం పోయే పని అది.

అంత చేసినా రోజూ మనుషులు పోతూనే ఉన్నారు. తోటివాళ్లే చాపలోనో గోనె సంచిలోనో చుట్టి మోసుకెళ్లి పూడ్చారు. ఇప్పుడున్న తోట ఆ ఖైదీలు మొదలుపెట్టిన చోటే ఉంది. మిగతా రెండు పెద్ద శ్మశానాల కంటే చుంగ్‌కాయ్ ప్రత్యేకం అనిపించేది ఇందుకే. కాంచనబురి పట్నంలో ఉన్నది, బర్మా వైపు తన్‌బ్యూజాయత్‌లో ఉన్నది, దారి పొడవునా అక్కడక్కడా పూడ్చినవాళ్లను యుద్ధం తర్వాత తవ్వి తెచ్చి ఒకచోట చేర్చినవి. చుంగ్‌కాయ్‌లో మాత్రం చాలామంది తమ స్నేహితులు మోసుకొచ్చి పడుకోబెట్టిన చోటే ఇంకా పడుకుని ఉన్నారు.

ఇక చిట్టా సంగతి. సైన్యంలో మనిషికి పేరు కంటే ముందు నంబరు ఉంటుంది. పొద్దున, సాయంత్రం హాజరు ఉంటుంది. బందీగా పడినా ఆ అలవాటు పోలేదు. ప్రతి గుంపుకూ ఒక అధికారి ఉన్నాడు, చాలాచోట్ల ఒక డాక్టరు, ఒక పాదిరీ ఉన్నారు. ఎవరు ఎప్పుడు పోయారో, ఎక్కడ పూడ్చారో వాళ్లు రాసుకున్నారు. కాగితం దొరక్కపోతే దొరికినదాని మీద రాశారు. కాపలావాళ్ల కంట పడకుండా సీసాల్లో, డబ్బాల్లో పెట్టి మట్టిలో దాచారు. కొన్నిచోట్ల ఆ కాగితాలను సమాధుల్లోనే, చనిపోయిన స్నేహితుడి పక్కనే పూడ్చారు. జపాన్ సైనికులు సమాధి తవ్వి చూడరని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకం ఫలించింది.

1945 ఆగస్టులో జపాన్ లొంగిపోయింది. బతికి బయటపడినవాళ్లకు ఇంటికి వెళ్లడం కంటే ముఖ్యమైన పని ఇంకేం ఉంటుంది? అయినా కొందరు వెంటనే వెళ్లలేదు. సెప్టెంబర్ చివర్లో ఒక చిన్న బృందంగా ఏర్పడి, దాచిన చిట్టాలు పట్టుకుని, అదే రైలెక్కి మళ్లీ అడవిలోకి వెళ్లారు. వర్షాలకు చెట్టూ తీగా కమ్ముకున్న 144 శ్మశానాలను వెతికి, పది వేలకు పైగా సమాధులను గుర్తించి వచ్చారు. ఆ బృందం వెంట దుబాసీగా వెళ్లిన జపాన్ మనిషి నగాసే తకాషి. అంతకుముందు కాంచనబురిలో జపాన్ మిలిటరీ పోలీసులకు దుబాసీగా పనిచేసినవాడు. ఆ సమాధులు చూసిన తర్వాత అతని జీవితమే మారిపోయింది. తర్వాతి రోజుల్లో వందసార్లకు పైగా థాయ్‌లాండ్ వచ్చాడు, కాంచనబురిలో ఆ రైలు దారి నది దాటే వంతెన దగ్గర శాంతి కోసం ఒక గుడి కట్టించాడు, 2011లో చనిపోయేదాకా ఆ పశ్చాత్తాపంతోనే బతికాడు.

చిట్టా తయారుగా ఉంది కాబట్టి దాన్ని అందుకోవడానికి ఒక సంస్థ కూడా తయారుగా ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917లో, ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్ పేరుతో అది పుట్టింది. ఇప్పుడు కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ అంటున్నారు. దాని నియమాలు ఆ రోజుల్లో కొత్త. శవాన్ని స్వదేశానికి తరలించకూడదు. జనరల్‌కైనా, మామూలు సిపాయికైనా ఒకే కొలత రాయి. మతం, రంగు, హోదా చూడకూడదు. ప్రతి ఒక్కరి పేరూ రాయి మీదనో గోడ మీదనో ఎక్కాలి. డబ్బున్నవాళ్లు తమ కొడుకు సమాధి మీద పాలరాతి మండపం కట్టించుకుంటామన్నా కుదరదన్నారు. కోహిమా యుద్ధ శ్మశానానికి నమూనా గీసిన కొలిన్ సెయింట్ క్లెయిర్ ఓక్స్ అనే ఆర్కిటెక్టే చుంగ్‌కాయ్‌కీ గీశాడు. ఎండకూ వానకూ ఇక్కడ నిలువు రాళ్ల బదులు నేలను అంటిపెట్టుకున్న దిమ్మెలు, కంచు పలకలు పెట్టారు.

సమానత్వం అన్నది ఆ కమిషన్ చెప్పుకున్న మాట. అన్నిచోట్లా నిలబెట్టుకోలేదు. 2021లో కమిషనే ఒక నివేదిక బయటపెట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన ఆసియా, ఆఫ్రికా సైనికులు, కూలీల్లో కనీసం లక్షా 16 వేలమందికి పేరుతో గుర్తు పెట్టలేదనీ, ఆ సంఖ్య మూడున్నర లక్షల దాకా కూడా ఉండవచ్చనీ అందులో ఒప్పుకుంది. ఒప్పుకోవడం మంచిదే. అయితే అది కూడా సైన్యం జాబితాలో ఉన్నవాళ్ల గురించి. సైన్యం జాబితాలోనే లేనివాళ్ల సంగతి ఆ నివేదిక పరిధిలోకి రాదు.

సయాం రైలు దారి మీద అలాంటివాళ్లే ఎక్కువ. యుద్ధ ఖైదీలు అరవై వేలైతే, ఆసియా కూలీలు రెండు లక్షల దాకా ఉన్నారు. మలయా (ఇప్పటి మలేషియాలో భాగం) నుంచి, బర్మా నుంచి, జావా నుంచి తెచ్చారు. వాళ్లలో చనిపోయినవాళ్లు 80 వేల నుంచి లక్ష వరకు ఉంటారని కమిషనే చెప్తుంది. ఆ రెండు అంకెల మధ్య దూరాన్ని ఒకసారి చూడాలి. ఇరవై వేలు! చుంగ్‌కాయ్‌లో ఒక్క మనిషి తేడా వచ్చినా పట్టుకోగలరు, పేరు పెట్టి చెప్పగలరు. ఇక్కడ ఇరవై వేలమంది ఉన్నారో లేదో కూడా ఎవరికీ తెలీదు.

మలయా నుంచి వెళ్లిన 75 వేలమందికి పైగా కూలీల్లో ఎక్కువమంది రబ్బరు ఎస్టేట్లలో పనిచేసే దక్షిణ భారతీయులు. వాళ్లలో ఎక్కువమంది తమిళులు, వాళ్లతోపాటు తెలుగువాళ్లు, మలయాళీలు. విశాఖపట్నం, శ్రీకాకుళం, గోదావరి ప్రాంతాల నుంచి పొట్ట చేతపట్టుకుని వెళ్లిన కుటుంబాలు పెరాక్, కెడా లాంటి చోట్ల ఎస్టేట్లలో స్థిరపడ్డాయి. అప్పటికి అక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్లలూ ఉన్నారు. 1955లో మలయా ఆంధ్ర సంఘం పెట్టుకున్నది ఈ జనమే.

జపాన్ రాగానే వీళ్ల బతుకు తలకిందులైంది. రబ్బరు కొనే దేశాలతోనే జపాన్ యుద్ధం చేస్తోంది. కొనేవాడు లేడు కాబట్టి ఎస్టేట్లలో పని పడిపోయింది. బియ్యం అంతకుముందు బర్మా, సయాంల నుంచి వచ్చేది. అదీ ఆగిపోయి కర్రపెండలం తిని బతికారు. అలాంటప్పుడు రోజుకు ఒక డాలరు కూలి, తిండి, వసతి, మూడు నెలల్లో తిరిగి వచ్చెయ్యొచ్చు అని చెప్తే నమ్మనివాళ్లెవరు? నమ్మి కొందరు వెళ్లారు. నమ్మనివాళ్లను బలవంతంగా లారీలు ఎక్కించారు. సినిమా ఊరికే చూపిస్తామని పిలిచి, తలుపులు వేసి రైలెక్కించిన సంఘటనలను బతికి వచ్చినవాళ్లు చెప్పారు. పెళ్లాం పిల్లలతో సహా వెళ్లిన కుటుంబాలూ ఉన్నాయి. మూసిన గూడ్సు పెట్టెల్లో నాలుగైదు రోజులు కూర్చుని బాన్‌పాంగ్ చేరి, అక్కడి నుంచి అడవిలోకి నడిచారు.

అదే పని, అదే తిండి, అదే కలరా. మరి సైనికుల్లో ఐదుగురిలో ఒకరు పోతే, కూలీల్లో అంతకు రెట్టింపు నిష్పత్తిలో ఎందుకు పోయారు? బలహీనులు కాబట్టి అనుకుంటే పొరపాటు. రబ్బరు తోటల్లో ఒళ్లు విరిచి పనిచేసినవాళ్లు వాళ్లు. తేడా కట్టడిలో ఉంది. ఖైదీల క్యాంపులో ఒక డాక్టరు ఉండి, కాచని నీళ్లు తాగొద్దు, తినే డబ్బాను వేడినీళ్లలో ముంచకుండా అన్నం పెట్టించుకోవద్దు అని ఆజ్ఞ వేస్తే, అది అమలయ్యేది. మరుగుదొడ్డి ఎక్కడ తవ్వాలో చెప్పేవాడు ఉన్నాడు. జబ్బుపడినవాడి తరఫున జపాన్ వాళ్లతో వాదించి దెబ్బలు తినే అధికారి ఉన్నాడు. కూలీ లైన్లలో వీటిలో ఏదీ లేదు. రకరకాల ఎస్టేట్ల నుంచి తెచ్చి కలిపిన మనుషులు, ఒకరికొకరు తెలియదు, భాష కూడా కొన్నిసార్లు కలవదు. నది నీళ్లే తాగారు. 1943 మధ్యలో కూలీలు మరీ వేగంగా చచ్చిపోవడం చూసి, సింగపూర్ చాంగీ క్యాంపు నుంచి ఖైదీ డాక్టర్లను, వైద్య సిబ్బందిని కె ఫోర్స్, ఎల్ ఫోర్స్ అనే పేర్లతో కూలీ క్యాంపులకు పంపారు. కొన్ని వందలమంది సిబ్బంది, లక్షల్లో మనుషులు. అప్పటికే చాలా ఆలస్యమైంది.

పోయినవాళ్లను గోతుల్లో కుప్పగా పూడ్చారు, కొన్నిచోట్ల కాల్చేశారు. ఏ గోతిలో ఎవరున్నారో రాసేవాళ్లు లేరు. ఎస్టేటులో ఉన్నప్పుడు కూలీకీ ఒక చిట్టా ఉండేది. పొద్దున్నే హాజరు వేసి చెక్‌రోల్‌లో పేరు రాస్తేనే ఆ రోజు కూలి. అంటే రాసే పద్ధతి తెలియక కాదు. రబ్బరు పాలు ఎవరు ఎంత తెచ్చారో రోజూ లెక్క ఉంది, రైలెక్కాక ఎవరు ఎక్కడ చచ్చారో లెక్క లేదు. ఎస్టేటు గుమాస్తా వెనకే ఉండిపోయాడు, అతనితోపాటు పేరూ ఉండిపోయింది.

ఖైదీల డైరీల్లో ఈ కూలీలు కనిపిస్తారు. కానీ అందరూ ఒక్కటే పేరుతో: తమిళులు. మరీ తేలిగ్గా అయితే కూలీలు. దక్షిణాది నుంచి వచ్చినవాడెవడైనా వాళ్లకు తమిళుడే. పరాయిదేశంలో తెలుగువాడి పేరు ఇలా పోవడం కొత్త కాదు. మలయాలో భారతీయులందరినీ కలిపి క్లింగ్ అన్నారు, ఆ మాట మన కళింగం నుంచి వచ్చిందే. బర్మాలో తెలుగు కూలీలను కోరంగీలు అన్నారు, కాకినాడ పక్కన కోరంగి రేవు నుంచి ఓడలెక్కారని. ఊరి పేరు, రేవు పేరు మిగిలాయి గానీ మనిషి పేరు మిగల్లేదు. సయాంలో పోయిన తెలుగువాళ్లు ఎందరో విడిగా చెప్పే లెక్క అందుకే దొరకదు.

కమిషన్ వైపు నుంచి చూస్తే దానికి ఒక జవాబు ఉంది. సైనిక సేవలో ఉండి చనిపోయినవాళ్ల సమాధులు చూడటమే దానికి అప్పగించిన పని. ఎస్టేట్ కూలీలు సైనికులు కారు. పైగా వాళ్లను పనిలో పెట్టింది శత్రువు. చట్ట ప్రకారం ఇది సరైన జవాబే. కానీ ఆ కూలీలు బ్రిటిష్ ప్రజలే, బ్రిటిష్ కంపెనీల ఎస్టేట్లలో పనిచేసినవాళ్లే, బ్రిటన్ కాపాడలేక వదిలేసిపోయిన దేశంలో చిక్కుకున్నవాళ్లే. వాళ్ల కోసం ఇంకో కమిషన్ పెట్టాలని ఎవరికీ తోచలేదు. 1947 తర్వాత భారతదేశానికీ వాళ్లు పరాయి దేశంలో కూలీలుగానే మిగిలిపోయారు.

ఈ తేడా ఒక్కోసారి సైనికుల మధ్య కూడా కనిపిస్తుంది. కాంచనబురి శ్మశానం గుమ్మం దగ్గర భవనంలో ఒక చిన్న పలక ఉంది. దాని మీద అవిభక్త భారత సైన్యానికి చెందిన పదకొండు మంది పేర్లు ఉన్నాయి. థాయ్‌లాండ్‌లో ముస్లిం శ్మశానాల్లో పూడ్చిన వాళ్ల సమాధులను కాపాడటం కుదరకపోతే పేర్లు తెచ్చి ఇక్కడ చెక్కారు. అదే చోట, రైలు దారి మీద నీకే అనే క్యాంపులో కలరాతో పోయి దహనమైన దాదాపు 300 మంది ఖైదీల బూడిదను రెండు సమాధుల్లో పెట్టి, అందరి పేర్లూ గోడ పలకల మీద రాశారు. ఒళ్లు బూడిదైపోయినా, సమాధి చెరిగిపోయినా, చిట్టా ఉంటే పేరు నిలబడుతుంది. కూలీలకు జరగాల్సింది ఇంతకంటే ఎక్కువేం కాదు. ఒక్కొక్కరికీ ఒక దిమ్మె అక్కర్లేదు, గోడ చాలు.

ఏమీ జరగలేదని చెప్పడం కూడా సరికాదు. 1944లోనే జపాన్ సైన్యం వంతెన దగ్గర ఒక స్మారకం కట్టింది. దాని మీద వేర్వేరు భాషల్లో రాసిన పలకలున్నాయి, వాటిలో తమిళం ఒకటి. చంపినవాళ్లే కట్టిన గుర్తు అది. 1990లో కాంచనబురిలో ఒక పొలం తవ్వితే వందల అస్థిపంజరాలు బయటపడ్డాయి. కూలీలవే అయి ఉంటాయన్నారు, ఎవరివన్నది చెప్పడానికి మాత్రం ఏ కాగితమూ లేదు. ఖైదీల శ్మశానానికి దగ్గరలోనే ఉన్న వాట్ థావోర్న్ అనే బౌద్ధ గుడిలో కూలీల ఎముకలు చేర్చిన ఒక స్తూపం ఉంది. ఈ మధ్యే తమిళులు చొరవ తీసుకుని అక్కడ ఒక నడుకల్లు నిలబెట్టారు. పోయినవాడి కోసం రాయి నాటడం తమిళులకు ఎంత పాతదో మనకూ అంతే పాతది. రాయలసీమలోనూ తెలంగాణలోనూ ఊరి పొలిమేరల్లో నిలబడి ఉన్న వీరగల్లులు అవే కదా.

ప్రతి ఏప్రిల్ 25న తెల్లవారుజామున హెల్‌ఫైర్ పాస్ దగ్గర, ఖైదీలు రాతికొండను చేతులతో తొలిచిన చోట, ఆస్ట్రేలియన్లు దీపాలు పట్టుకుని నిలబడతారు. తర్వాత కాంచనబురి శ్మశానానికి వచ్చి పూలు పెడతారు. తాత సమాధి చూడటానికి మనవరాలు వస్తుంది, తేదీ తెలుసు, వరస నంబరు తెలుసు, వచ్చి కూర్చుంటుంది. ఇది చూసి అసూయపడక్కర్లేదు. ఆ ఇరవై రెండేళ్ల పిల్లలకు అది దక్కాల్సిందే.

మనవైపు సంగతి వేరు. ఉత్తరాంధ్రలో, గోదావరి జిల్లాల్లో సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టుకుంటారు. పోయినవాళ్లను పేరు పేరునా తలుచుకుని పెడతారు. సయాం వెళ్లినవాడికి పెట్టాలంటే ముందు పోయాడని ఒప్పుకోవాలి. ఏ రోజు పోయాడో చెప్పినవాళ్లు లేరు, శవం లేదు, దినకర్మ జరగలేదు. వెళ్లినవాడు సయాంలోనే ఇంకో పెళ్లి చేసుకుని ఉండిపోయాడేమో అన్న ఆశ కూడా ఉంటుంది, నిజంగానే కొందరు అలా ఉండిపోయారు కూడా. అలాంటప్పుడు ఎస్టేటు లైనులో ఒంటరిగా మిగిలిన భార్య బొట్టు ఉంచుకోవాలా తీసెయ్యాలా? చుంగ్‌కాయ్‌లో కంచు పలక మీదున్న తేదీ ఎంత విలువైనదో ఈ ప్రశ్న దగ్గర తెలుస్తుంది. ఎప్పుడు ఏడవాలో చెప్పేది ఆ తేదీయే.

ఇప్పుడైనా చిట్టా రాయడం అసాధ్యం కాదు. ఎముకలు ఎవరివో తేల్చడం కష్టం గానీ, పేర్లు వేరే చోట ఉన్నాయి. మలయా వెళ్లడానికి ఓడెక్కినవాళ్లు నాగపట్నం, ఆవడి డిపోల మీదుగా వెళ్లారు. ఎస్టేట్లకు చెక్‌రోళ్లు ఉండేవి, కంపెనీలకు లండన్‌లో ఆఫీసులు ఉండేవి. వీటన్నిటికంటే ముందు మనుషులు ఉన్నారు. పెరాక్‌లో, కెడాలో, సెలంగోర్‌లో తెలుగు ఇళ్లలో సయాం పేరెత్తితే ఒక పెదనాన్నో, ఒక తాత తమ్ముడో గుర్తుకు వస్తారు. 1943లో పదేళ్ల పిల్లలుగా ఉండి, లారీ ఎక్కుతున్న నాన్నను చూసినవాళ్లకు ఇప్పుడు తొంభై దాటాయి. మనిషి పేరు, ఎస్టేటు పేరు, ఇండియాలో సొంతూరి పేరు. ఈ మూడూ చెప్పగలవాళ్లు ఇంకా కొందరున్నారు, అడిగి రాసుకునేవాళ్లు కావాలి.